మూడు తెరల సాక్ష్యం

ఆ వీధిలో ఆయన్ని రంగుల డాక్టరు అంటారు. మందుల షాపు పైన, మొదటి అంతస్తులో ఉన్న ఒకే ఒక గది ఆయన ఆసుపత్రి. అక్కడికి జబ్బుపడ్డ మనుషులు రారు, జబ్బుపడ్డ వీడియోలు వస్తాయి. స్కూలు వార్షికోత్సవంలో పిల్లలందరూ నీలిరంగు దయ్యాల్లా పడ్డారనో, పెళ్ళికొడుకు ముఖం ఇటుకలా ఎర్రబడిందనో ఎవరో ఒకరు మెట్లెక్కి వస్తూనే ఉంటారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని తెర వైపు కాసేపు చూసి, "వదిలేసి వెళ్ళండి, చూస్తాను," అంటాడు. అచ్చం డాక్టర్లలాగే, ఎప్పటికి నయమవుతుందో మాత్రం చెప్పడు.

ఈ మధ్య ఆయనకు కొత్త అలవాటొకటి పట్టుకుంది. పని మధ్యలో ఆపి, వీడియో ఇచ్చినవాళ్ళకు ఫోన్ చేస్తాడు. "మీ నాన్నగారి పెదాలు ఎప్పుడూ ఇంత నల్లగానే ఉంటాయా?" అని ఒకరిని అడుగుతాడు. "మీ పెద్దమ్మాయి ముఖం బాగా పాలిపోయి ఉంది, మొదటినుంచీ అంతేనా, లేక ఈ మధ్యేనా?" అని ఇంకొకరిని అడుగుతాడు. అవతలివాళ్ళకు ఒళ్ళు మండుతుంది. వీడియో బాగుచెయ్యమని ఇస్తే ఇంట్లోవాళ్ళకు వంకలు పెడతాడేమిటని విసుక్కుంటారు. ఒకావిడైతే చరచరా మెట్లెక్కి వచ్చి, పని సగంలో ఉండగానే తన ఫైళ్ళు తీసుకుని వెళ్ళిపోయింది. కింద మందుల షాపాయన మాత్రం, "మీరు పైనుంచి జబ్బులు అంటగడుతూ ఉండండి, నేను కింద మందులమ్ముకుంటాను," అని హాస్యమాడతాడు. రంగుల డాక్టరు నవ్వడు. ఎందుకు నవ్వడో చెప్పాలంటే ఆయన బావ సంగతి చెప్పాలి.

అంతకంటే ముందు ఈయన గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. వయసులో ఉన్నప్పుడు కలర్ ల్యాబ్‌లో ఫొటోలు ప్రింటు వేసేవాడు. ముఖంలో ఎరుపు కాస్త ఎక్కువైతే తగ్గించడం, చీకట్లో తీసిన ఫొటోకి ప్రాణం పొయ్యడం ఆయన పని. ఫొటోలు కాగితం మీద వేయించుకునేవాళ్ళు తగ్గిపోయి ల్యాబ్ మూతపడ్డాక, కొత్త పని నేర్చుకునే వయసు కాదని అందరూ అంటుంటే వినకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వీడియోలు ఎడిట్ చెయ్యడం నేర్చుకున్నాడు. మొండి మనిషి. ఆ మొండితనమే అన్నం పెట్టింది, చివరికి కొంప ముంచిందీ అదే.

ఆయన పట్టుదల ఒక్కటే. ఈ గదిలో తన తెర మీద ఏ రంగు ఉందో, చూసేవాడి ఇంట్లోనూ అదే రంగు ఉండాలి. ఇదేం గొప్ప విషయమని మనకు అనిపిస్తుంది గానీ, చేసేవాడికి తెలుస్తుంది బాధ. ఎడిటింగ్ అంతా అయ్యాక ముక్కలన్నీ కలిపి ఒక్క ఫైలుగా బయటికి తీస్తారు. దాన్ని ఎక్స్‌పోర్ట్ అంటారు. కొంపలు మునిగేది అక్కడే. ఈ రంగుల్ని ఈ లెక్కన చదువుకో అని చెప్పే గుర్తు ఒకటి ఫైలుతో పాటు వెళ్ళాలి. ఆ గుర్తు తప్పిపోయిందంటే ప్రతి తెరా తనకు తోచినట్టు చదువుకుంటుంది. ఒకచోట నలుపు బూడిదలా తేలిపోతుంది, ఇంకొకచోట ముఖాలు వెలిసిపోతాయి. ఇచ్చినవాడు ఇంటికెళ్ళి చూసుకుని, "ఇదా మీరు చేసింది?" అని ఫోన్‌లోనే కడిగేస్తాడు.

అందుకని ఆయన గదిలో మూడు తెరలు పెట్టుకున్నాడు. ఒకటి పని చేసుకునే మంచి మానిటర్, దానికి చుట్టూ నల్ల అట్టలతో గొడుగు. రెండోది ఇంట్లోంచి భార్య తీసి పారెయ్యమన్న పాత టీవీ. మూడోది మూల పగిలిన చవక ఫోన్. ఎక్స్‌పోర్ట్ చేసిన ప్రతి వీడియోనీ మూడింటి మీదా వేసి చూస్తాడు. మూడూ ఒకే మాట చెబితేనే ఫైలు గడప దాటుతుంది. వాటిని సాక్షులంటాడు. గోడలకు బూడిద రంగు వేయించాడు, కిటికీకి మందపాటి పరదా వేశాడు. తను కూడా బూడిద రంగు చొక్కాలే తొడుగుతాడు, చొక్కా రంగు తెర మీద పడి కన్నును మోసం చేస్తుందట. "మా బావ బీరువా తెరిస్తే మబ్బు పట్టినట్టుంటుంది," అని ఆయన బావ అందరి ముందూ ఏడిపించేవాడు.

ఈ బావ ఎవరంటే చెల్లెలి మొగుడు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్. రంగుల డాక్టరు అన్న పేరు పెట్టింది కూడా ఆయనే. నోరు తెరిస్తే హాస్యం. "నేను రోజుకు వందలమందిని పైకి పంపిస్తాను, నా మీద ఒక్క కేసు లేదు," అనేవాడు. అది విని విని చెల్లెలికి విసుగొచ్చింది గానీ ఆయనకు రాలేదు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్ళు. సాయంత్రం పని ముగించుకుని మెట్లెక్కి వచ్చి, గ్రీజు మరకల చేతులు దేనికీ తగలకుండా ఒళ్ళో పెట్టుకుని, చీకటి గదిలో పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఎవరి పెళ్ళిలోవో ముఖాలు తెర మీద కళ తెచ్చుకుంటుంటే చూసి, "పేషెంటు లేచి కూర్చున్నాడు," అనేవాడు. మొండి మనిషికి స్నేహితులు తక్కువ. ఉన్న ఒక్క స్నేహితుడూ ఈ బావే.

చెల్లెలు గుడ్డల దుకాణంలో పని చేస్తుంది. చీరకు లైనింగు, లైనింగుకు దారం, దారానికి బొత్తాం జత చూసి ఇవ్వడం ఆవిడ పని. ఒక్కసారి చూసిన రంగును వారం తరవాత అడిగినా వంద చుట్టల్లోంచి తీసి చేతిలో పెడుతుంది. కన్ను అన్నకూ చెల్లెలికీ ఒక్కలాంటిదే. కాకపోతే అన్నకు ఆ సంగతి ఒప్పుకోవడం ఇష్టం ఉండేది కాదు.

బావకూ చెల్లెలికీ పెళ్ళయి పాతికేళ్ళు నిండాయని చిన్న హాలు తీసుకుని, దగ్గరవాళ్ళను పిలిచి భోజనం పెట్టారు. వీడియో తియ్యడానికి ఒక కుర్రాడిని కుదిర్చారు. ఎడిటింగ్ నా కానుక అన్నాడు అన్నయ్య. ఫైళ్ళు తెచ్చుకుని గదిలో కూర్చున్నాడు. హాల్లో లైట్లు ఎవరు పెట్టారో గానీ సగం ట్యూబులు, సగం పసుపు బల్బులు. బల్లల మీది తెల్లగుడ్డను ఆధారంగా పెట్టుకుని, అది తెర మీద తెల్లగా కనిపించేదాకా రంగులు సర్దాడు. తెలుపు కుదిరితే మిగతావన్నీ వాటంతట అవే దారికొస్తాయి. వచ్చాయి కూడా. చెల్లెలి చీర సరిగ్గా వచ్చింది, చుట్టాల ముఖాలు సరిగ్గా వచ్చాయి. బావ ముఖం మాత్రం కొంచెం పసుపు పట్టినట్టుంది. ఏదో బల్బు కింద నిలబడి ఉంటాడనుకున్నాడు. బావ ఎక్కడ చూసినా ముంజేతులు గోక్కుంటూ కనిపిస్తున్నాడు. పాతికేళ్ళ వేడుకలో ఈ గోకుడేమిటని ఆ ముక్కలన్నీ కత్తిరించి పారేశాడు. ఎక్స్‌పోర్ట్ చేసి చెల్లెలి ఫోన్‌కు పంపించాడు. ఆ పూట పని ఒత్తిడిలో సాక్షుల్ని అడగలేదు. సొంతవాళ్ళ పనే కదా అనుకున్నాడు.

గంట తిరక్కుండా చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, వీడియో బాగుంది. కానీ ఈయన ముఖం పసుపుగా పడింది. కళ్ళు కూడా."

"హాల్లో బల్బులు అలా ఏడిశాయి. సరిచేశాను కదా."

"అందరూ బాగానే ఉన్నారు. ఈయనొక్కరే అలా ఉన్నారు. నా పక్కన నిలబడ్డ చోట నేను మామూలుగానే ఉన్నాను, ఈయన పసుపుగా ఉన్నారు."

"నీ ఫోన్‌లో చూస్తున్నావా?"

"అవును."

"ఆ ఫోన్లు రంగులు పులిమి చూపిస్తాయి. వాటిని నమ్ముకుంటే అయినట్టే."

"రోజంతా రంగులు చూసేదాన్ని అన్నయ్యా. పసుపేదో నాకు తెలియదా?"

"నువ్వు చూసేది గుడ్డ. నేను చూసేది వెలుగు. రెండూ ఒకటి కావు," అన్నాడు. అలా అనడం ఆయనకు బాగానే అనిపించింది.

 "ఒకసారి డాక్టరుకి చూపిద్దామా అనిపించింది," అంది చెల్లెలు. వెనకనుంచి బావ గొంతు వినిపించింది. "డాక్టరుతోనే కదే మాట్లాడుతున్నావు, ఇంకో డాక్టరెందుకు?" ముగ్గురూ నవ్వుకున్నారు. "డాక్టరూ వద్దు ఏమీ వద్దు. నేను సరిచేసి పంపిస్తాను," అని అన్నయ్య ఫోన్ పెట్టేశాడు.



ఫైలు తెరిచి చూస్తే నిజంగానే తప్పు దొరికింది. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఆ గుర్తు పెట్టడం మరిచిపోయాడు. అది చూసి ప్రాణం లేచొచ్చింది. చూశావా, ఇదే కారణం, అనుకున్నాడు. గుర్తు పెట్టి మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేసి, ఈసారి మూడు తెరల మీదా వేశాడు. నలుపులు కుదిరాయి, చీరలు కుదిరాయి, తెల్లగుడ్డ తెల్లగానే ఉంది. పాత టీవీలో బావ మాత్రం పసుపుగానే ఉన్నాడు. పగిలిన ఫోన్‌లో ఇంకా పసుపుగా ఉన్నాడు. మంచి మానిటర్‌లో కూడా, ఒప్పుకుంటే, ఉన్నాడు.

సాక్షులు ముగ్గురూ ఒకే మాట చెప్పారన్నమాట. ఎప్పుడూ సాక్షుల మాట వినే మనిషి ఆ రోజు వినలేదు. ముగ్గురి చేతా మాట మార్పించడానికి కూర్చున్నాడు. ముఖం చుట్టూ గీత గీసి, ఆ గీత లోపల మాత్రమే రంగు మార్చే వీలు ఒకటి ఉంటుంది. మనిషి కదిలితే గీత కూడా వెంట కదులుతుంది. బావ ముఖం చుట్టూ గీత గీశాడు. పసుపు తీసేసి ఎరుపు కలిపాడు. కళ్ళ తెల్లగుడ్లకు విడిగా ఇంకో గీత గీసి, వాటిని బల్లగుడ్డ తెలుపుకు తెచ్చాడు. బావ కూర్చున్న చోట, నిలబడ్డ చోట, తల వెనక్కి వేసి నవ్విన చోట, అన్నిట్లోనూ ఓపిగ్గా పసుపు కడిగేశాడు. ఆయన జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు. ప్రేమతో చేశాడు, ఆ మాట మాత్రం చెప్పాలి. చివరికి మూడు తెరల్లోనూ బావ నిగనిగలాడాడు. ఎక్స్‌పోర్ట్‌లోనో ఫోన్‌లోనో రంగు మారిపోయిందని చెప్పి, చెల్లెలికి మళ్ళీ పంపించాడు.

"ఇప్పుడు బాగున్నారు," అంది చెల్లెలు. "నువ్వన్నట్టు ఫోన్‌దే తప్పేమో." బావ ఫోన్ లాక్కుని, "మా డాక్టరు ఒక్క మాత్ర కూడా ఇవ్వకుండా నన్ను మళ్ళీ పెళ్ళికొడుకుని చేశాడు," అన్నాడు.

ఎదురుగా ఉన్న మనిషి పసుపెక్కుతుంటే ఇంట్లోవాళ్ళకు కనిపించదా అని అడగొచ్చు. రోజూ చూసే ముఖం రోజుకు కాస్త చొప్పున మారితే ఎవరికీ కనిపించదు. ఇంట్లో పసుపు బల్బు, బావది చామనఛాయ. దురదకు గ్రీజు పడటం లేదన్నాడు. ఆకలి తగ్గితే వేడి చేసిందన్నాడు. చొక్కా వదులైతే ఒళ్ళు తగ్గించానని గొప్పలు పోయాడు. ఎప్పుడైనా అనుమానం కలిగితే చెల్లెలు ఫోన్‌లో ఆ వీడియో తీసి చూసుకునేది. అందులో ఆయన ఆరోగ్యంగా ఉండేవాడు. ఆవిడ మనసు కుదుటపడేది.

ఒకరోజు లిఫ్టు గదిలో కళ్ళు తిరిగి పడిపోతే, తోటి మెకానిక్కులు మోసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చారు. అన్నయ్య వెళ్ళేసరికి చెల్లెలు డాక్టరమ్మ ముందు కూర్చుని ఉంది. డాక్టరమ్మ కాగితాలు తిరగేస్తూ, లోపల గడ్డ ఉందనీ, అది పైత్యరసం దిగే దారికి అడ్డం పడిందనీ, అందుకే ఒంటికి కామెర్లు ఎక్కాయనీ నెమ్మదిగా చెప్పింది.

"కళ్ళు ఎప్పటినుంచి ఇలా ఉన్నాయి?" అని అడిగింది.

"ఈ మధ్యేనండీ," అంది చెల్లెలు. "మొన్న మా పెళ్ళిరోజుకి కూడా బాగానే ఉన్నారు. కావాలంటే చూడండి." ఫోన్ తీసి వీడియో పెట్టి, డాక్టరమ్మ ముందుకు జరిపింది. "కళ్ళు చూడండి, ఎంత తెల్లగా ఉన్నాయో."

డాక్టరమ్మ వంగి చూసింది. తెర మీద బావ తల వెనక్కి వేసి నవ్వుతున్నాడు. బల్లగుడ్డంత తెల్లటి కళ్ళు. "అవును. అయితే ఇది ఈమధ్యే మొదలై త్వరగా ముదిరినట్టుంది," అంటూ ఆవిడ రాసుకుంది.

తలుపు దగ్గర నిలబడ్డ అన్నయ్య ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు.   చెల్లెలు ఫోన్ వెనక్కి తీసుకుని చీర కొంగుతో తెర తుడిచి సంచిలో పెట్టుకుంది.

అక్కణ్ణించి నేరుగా గదికి వెళ్ళి, ఆ కుర్రాడు తీసిన అసలు ఫైళ్ళు తెరిచాడు. ఈసారి ఏమీ సర్దలేదు. తెల్లగుడ్డను మాత్రం తెలుపుకు తెచ్చి వదిలేశాడు. బావ బల్బు కింద పసుపుగా ఉన్నాడు. ట్యూబు కింద పసుపుగా ఉన్నాడు. ఒక ముక్కలో బావ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, పగటి వెలుగులో నిలబడి ఎవరితోనో మాట్లాడాడు, అక్కడా పసుపుగానే ఉన్నాడు. పక్కనున్న మనిషి మామూలుగా ఉన్నాడు. ఈ ముక్కను అన్నయ్య అప్పుడు కూడా చూశాడు. చూసి, గీత గీసి, తుడిచేశాడు. పారేసిన ముక్కలన్నీ వరసగా వేసి చూస్తే బావ గోక్కుంటున్నాడు, గోక్కుంటూనే ఉన్నాడు. ఆయన మానిటర్ ఆపేసి, బూడిదరంగు గోడకు తల ఆనించి ఏడ్చాడు.

మర్నాడు చెల్లెలు లేని సమయం చూసి డాక్టరమ్మను వరండాలో పట్టుకున్నాడు. జరిగింది చెప్పాడు. రంగులు, గీతలు ఆవిడకు సగమే అర్థమయ్యాయి గానీ, పగిలిన ఫోన్‌లో అసలు ముక్క చూపించేసరికి మిగతా సగం అర్థమైంది. కిటికీ దగ్గరి ముక్కను రెండుసార్లు చూసింది.

"అప్పటికే ఉంది," అంది.

"అప్పుడే తీసుకొచ్చి ఉంటే?"

"ఖచ్చితంగా చెప్పలేనండీ. ఆపరేషన్‌కు వీలుండేదేమో. ఇప్పుడైతే లేదు." ఫోన్ తిరిగిచ్చేస్తూ, "మీ చెల్లెలుగారికి ఈ సంగతి తెలుసా?" అని అడిగింది. తెలియదన్నాడు.

బావకైనా చెప్పాలనుకున్నాడు. మంచం పక్కన స్టూలు మీద, గదిలో బావ కూర్చునేలాగే, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. బావ ఒళ్ళంతా ఇప్పుడు ఏ తెరా అక్కర్లేకుండా పసుపు. "ఏం బావా, ఈసారి నీ మిషన్ చాలేట్టు లేదు," అన్నాడు బావ ఒకసారి, ఆయాసపడుతూ. "నేను నీకొకటి చెప్పాలి," అన్నాడు ఈయన. "చెప్పు," అని బావ కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకుని ఈయన ఆగాడు. నిద్రపోలేదేమోనని కూడా ఒక అనుమానం ఉంది. చెప్పలేదు. తరవాత చెప్పడానికి మనిషి లేడు.

బావ పోయిన కొన్నాళ్ళకు లిఫ్టు కంపెనీవాళ్ళు తమ హాల్లో చిన్న సంతాపసభ పెట్టుకున్నారు. నాలుగు మాటలు చెప్పుకుని, ఆయన వీడియో ఏదైనా పెద్ద తెర మీద చూపిద్దామన్నారు. చెల్లెలు అన్నయ్యకు ఫోన్ చేసింది.

"పెళ్ళిరోజుదే వెయ్యి అన్నయ్యా. అందులోనే బాగున్నారు. పెద్ద తెర కదా, రంగులు పోకుండా చూడు."

పోకుండా చూస్తానన్నాడు. గదిలో కూర్చుని రెండు ఫైళ్ళు ఎక్స్‌పోర్ట్ చేశాడు. ఒకటి తను అప్పుడు చేసింది. రెండోది అసలు రంగుది, ముఖం మీద గీత లేకుండా, గోక్కున్న ముక్కలతో సహా. రెంటికీ గుర్తు పెట్టాడు. రెంటినీ మూడు తెరల మీద వేసి చూశాడు. మూడు తెరలూ మొదటి ఫైలుకు ఒక మాట చెప్పాయి, రెండో ఫైలుకు ఇంకో మాట చెప్పాయి. రెండుసార్లూ ముగ్గురి మధ్యా తేడా లేదు, ఏకకంఠమే. ఏది నిజమో మాత్రం తెరలకు తెలియదు. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఆయనకూ తెలియలేదు.

చెప్పకపోతే పోయేదేమీ లేదు. డాక్టరమ్మ చెప్పదు. చెల్లెలు అడగదు. ఆ వీడియో చూసుకుంటూ, జబ్బు ఉన్నట్టుండి వచ్చి ఉన్నట్టుండి తీసుకుపోయిందని, ఎవరి తప్పూ లేదని బతికేస్తుంది. చెబితే ఆవిడకు ఉన్న ఒక్క ఓదార్పూ పోతుంది, తనకు ఉన్న ఒక్క చెల్లెలూ పోవచ్చు. కానీ ఆవిడ ఈ మధ్య ఒక మాట పదే పదే అంటోంది. "పక్కనే ఉండి కూడా నేను కనిపెట్టలేకపోయాను అన్నయ్యా. రంగులు చూసి బతికేదాన్ని, మొగుడి ముఖం చూసుకోలేకపోయాను." ఆ మాట ఆయన్ని నిద్రపోనివ్వడం లేదు. ఆవిడ చూసింది. అందరికంటే ముందు ఆవిడే చూసింది.

సభకు ముందురోజు సాయంత్రం పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని చెల్లెలింటికి వెళ్ళాడు. ముందు గదిలో బావ పనిసంచి తలుపు వెనక అలాగే వేలాడుతోంది. చెల్లెలు టీవీ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన రెండో ఫైలు పెట్టాడు.

హాలు కనిపించింది, తెల్లగుడ్డలు కనిపించాయి, చుట్టాలు కనిపించారు. బావ వచ్చాడు. ఎవరో ఏదో అంటే తల వెనక్కి వేసి నవ్వాడు, నవ్వుతూ ముంజెయ్యి గోక్కున్నాడు. చెల్లెలు ముందుకు వంగింది.

"మళ్ళీ ఎక్స్‌పోర్ట్‌లో రంగు మారిపోయినట్టుంది అన్నయ్యా."

ఆ మాట ఆయన నేర్పిందే. అవునమ్మా, సరిచేసి తెస్తాను అంటే సరిపోయేది. ఆవిడ తెలియకుండానే తప్పించుకునే దారి చూపించింది.

"మారలేదమ్మా," అన్నాడు. "ఇదే అసలు రంగు. ఆ రోజు బావ ఇలాగే ఉన్నాడు. అప్పుడు పసుపు తీసేసింది నేను. ఫోన్ తప్పు కాదు."

చెల్లెలు ఆయన వైపు చూడలేదు. లేచి టీవీ దగ్గరికి వెళ్ళింది. కిటికీ దగ్గరి ముక్క నడుస్తోంది. దుకాణంలో గుడ్డ మీద దారం ఆనించి చూసినట్టు, బావ కంటి మీద వేలు పెట్టి చూసింది.

"ఇదే," అంది. "నేను చూసింది ఇదే. నీకు చెప్పాను."

"చెప్పావు."

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామన్నాను."

"అన్నావు."

"గుడ్డ వేరు, వెలుగు వేరు అన్నావు."

 వీడియో అయిపోయి తెర నల్లబడింది. "నన్ను తిట్టమ్మా," అన్నాడు చివరికి. "నోటికొచ్చినట్టు తిట్టు."

"తిడితే నీకు తేలికవుతుంది," అంది చెల్లెలు.

ఏడవలేదు, అరవలేదు. టీవీకి ఉన్న పెన్‌డ్రైవ్ పీకి, కాసేపు అరచేతిలో పెట్టుకుని చూసింది. "ఇందులో రెండూ ఉన్నాయా?" అని అడిగింది. ఉన్నాయన్నాడు. "రేపు వాళ్ళకి నువ్వు చేసిందే వెయ్యి. వాళ్ళ కళ్ళకు ఆయన బాగున్నట్టే ఉండనీ. ఇది మాత్రం నా దగ్గర ఉంటుంది." ఆయన లేచి చెప్పులు వేసుకుంటుంటే ఎప్పటిలా గుమ్మం దాకా రాలేదు.

మర్నాడు కంపెనీ హాల్లో పెద్ద తెర మీద బావ నిగనిగలాడుతూ నవ్వాడు. మెకానిక్కులు ఆయన హాస్యాలు చెప్పుకుని కళ్ళు తుడుచుకున్నారు. వందలమందిని పైకి పంపిన మాట ఎవరో చెప్పబోయి మధ్యలో ఆపేశారు. ప్రొజెక్టర్ పక్కన నిలబడ్డ అన్నయ్య ఒక్కడికే తెలుసు, చెల్లెలు మొదటినుంచి చివరిదాకా తెర వైపు చూడలేదని. ఒళ్ళో చేతుల వైపు చూసుకుంటూ కూర్చుంది.

అయ్యాక పెద్ద మెకానిక్ ఒకాయన వాళ్ళ దగ్గరికొచ్చాడు. "పోయే ముందు కూడా మనిషి ఎంత కళగా ఉన్నాడమ్మా. జబ్బు ఛాయ ఎక్కడైనా ఉందా? మీ అన్నయ్యగారి చేతిలో ఏదో మహిమ ఉంది."

"ఉందండీ," అంది చెల్లెలు.